లెక్కల మేష్టారి గ్రంథాలయ పాఠం: డాక్టర్ ఎస్.ఆర్. రంగనాథన్ గారు

ఏటా ఆగస్టు 12వ తేదీన మన దేశంలో గ్రంథాలయాధికారుల దినోత్సవం జరుపుకొంటున్నాము. పటానికి దండ వేస్తాము, ఇద్దరు ముగ్గురు పెద్దలు మాట్లాడతారు, పంచసూత్రాలు ఒకసారి అప్పజెప్పుకొని, టీ తాగి ఇళ్ళకు వెళ్తాము. ఆ పటంలో ఉన్న షియాళి రామామృత రంగనాథన్ గారు భారత గ్రంథాలయ శాస్త్ర పితామహులని అందరూ ఎరుగుదురు. కాని ఆయన మొదట లెక్కల మేష్టారని, ఆ మేష్టరీ బుద్ధి చివరిదాకా ఆయన్ను వదలలేదని చెప్పుకొనేవారు తక్కువ. నా మట్టుకు నాకు ఆయన జీవితంలో అసలు సంగతి అదే. పాఠం చెప్పడము, పుస్తకం వెతుక్కోవడం నేర్పడము రెండు వేర్వేరు పనులు కావని ఆయన నమ్మారు. ఇవాళ విశ్వవిద్యాలయాలలో దీనికే సమాచార అక్షరాస్యత అని పేరు పెట్టి, పాఠ్యక్రమంలో ఎలా కలపాలా అని చర్చిస్తున్నారు. మన సంఘం ప్రత్యేక సంచికకు ఏదైనా రాయమని సంపాదకులు అడిగినప్పుడు, ముప్పై ఏళ్ళకు పైగా గ్రంథాలయంలో పనిచేసినవాడిగా ఈ వైపు నుంచే ఆయన కథ చెప్పాలనిపించింది.

రంగనాథన్ గారు 1892 ఆగస్టులో తంజావూరు జిల్లా శీర్కాళిలో జన్మించారు. ఆ ఊరి పేరునే ఇంగ్లీషువారు షియాళి అని రాసేవారు. తండ్రి రామామృత అయ్యరు గారు కొద్దిపాటి భూవసతి గల గృహస్థు. కుమారునికి ఆరేళ్ళ వయసులోనే ఆయన కాలం చేశారు. పిల్లవాడికి మాట తడబడేది, నత్తి. దానిని పట్టుదలతో అదుపులోకి తెచ్చుకొని, మద్రాసు క్రిస్టియన్ కళాశాలలో గణితం అభ్యసించి, 1913లో బి.ఏ., 1916లో ఎం.ఏ. పూర్తి చేశారు. అక్కడ ఎడ్వర్డ్ రాస్ అనే గణితాచార్యుని శిష్యరికం లభించింది. ఆ గురుశిష్య బంధం కళాశాలతో ముగియలేదు; ఆ సంగతి ముందు వస్తుంది. తరువాత సైదాపేటలో ఉపాధ్యాయ శిక్షణ పొంది, 1917లో మంగళూరు ప్రభుత్వ కళాశాలలో చేరారు. అక్కడి నుంచి కోయంబత్తూరు, ఆపైన మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాల.

నత్తి ఉన్న మనిషి మేష్టరీ ఎంచుకోవడమే ఒక విశేషం. అంతకంటె విశేషం ఆయన బోధించిన తీరు. ఆ రోజులలో కళాశాల పాఠమంటే మేష్టారు నోట్సు చెప్పడం, పిల్లలు రాసుకోవడం. రంగనాథన్ గారికి ఆ పద్ధతి గిట్టేది కాదు. విషయాన్ని పరిచయం చేసి, ఏయే పుస్తకాలు చూడాలో చెప్పి, విద్యార్థులను గ్రంథాలయానికి పంపడం, వారు చదివి వచ్చిన దానిపైన తరగతిలో చర్చ పెట్టడం ఆయనకు ఇష్టమైన మార్గం. గణితశాస్త్ర చరిత్ర అంటే ఆయనకు మహా ప్రీతి. ఆ ప్రీతి చివరిదాకా నిలిచింది. 1967లో, డెబ్బై అయిదేళ్ళ వయసులో, శ్రీనివాస రామానుజన్ గారి జీవితం మీద పుస్తకం వెలువరించారు. కాబట్టి ఆయన గ్రంథాలయంలోకి వచ్చాక విద్య గురించి ఆలోచించడం మొదలుపెట్టలేదు. విద్య గురించిన ఆలోచనను వెంటబెట్టుకొనే గ్రంథాలయంలో అడుగుపెట్టారు.

అడుగుపెట్టిన వైనం మాత్రం తమాషాగా ఉంటుంది. 1923లో మద్రాసు విశ్వవిద్యాలయం గ్రంథాలయాధికారి పదవిని కొత్తగా ఏర్పాటు చేసింది. సుమారు 900 దరఖాస్తులు వచ్చాయని చెప్పుకొంటారు. మిత్రులు ప్రోద్బలం చేస్తే ఈయనా ఒకటి పడేశారు. కళాశాల జీతం కంటె ఈ జీతం మెరుగు. అదీ ఒక కారణమే. గ్రంథాలయ శాస్త్రం అంటూ ఒకటుందని కూడా అప్పటికి ఆయనకు సరిగా తెలియదు. ఇంటర్వ్యూకు కొద్ది రోజుల ముందు బ్రిటానికా విజ్ఞాన సర్వస్వంలో గ్రంథాలయాల మీద ఉన్న వ్యాసం చదువుకొని వెళ్ళారట. తెలియని విషయం ఎదురైతే ఎక్కడ వెతకాలో తెలియడమే సగం విద్య గదా! ఉద్యోగం వచ్చింది. 1924 జనవరిలో చేరారు.

చేరిన కొద్ది రోజులకే ప్రాణం విసిగిపోయింది. పిల్లలతో కళకళలాడే తరగతి గది నుంచి వచ్చిన మనిషికి, చదువరులు దాదాపుగా రాని ఆ నిశ్శబ్దం జైలు లాగే తోచింది. తిరిగి కళాశాలకు పంపేయమని అధికారులను బతిమాలుకొన్నారు. చివరికి ఒక ఒప్పందం కుదిరింది. లండను వెళ్ళి గ్రంథాలయ శిక్షణ పొంది రావాలి. వచ్చాక కూడా ఈ ఉద్యోగం రుచించకపోతే పాత కొలువు ఇప్పిస్తారు. ఆ ఏడాదే ఓడ ఎక్కారు.

లండను యూనివర్సిటీ కాలేజీలో బెర్విక్ సేయర్స్ అనే గ్రంథాలయ పండితుడు ఆయనకు దారి చూపారు. రంగనాథన్ గారు తరగతులతో ఆగక, నూరుకు పైగా గ్రంథాలయాలను తిరిగి చూశారు. అక్కడ పిల్లలు, పనివారు, గృహిణులు అందరూ పుస్తకాల మధ్య స్వేచ్ఛగా తిరుగుతున్నారు. మన దేశంలో పుస్తకమంటే బీరువాలో తాళం వేసి ఉంచే సొత్తు. ఆ తేడా ఆయన మనసులో నాటుకొంది. అక్కడే ఒకనాడు సెల్ఫ్‌రిడ్జెస్ దుకాణంలో మెకానో అనే ఆటవస్తువును చూశారు. కొన్ని ఇనుప పట్టీలు, చక్రాలు, మరలు. వాటినే రకరకాలుగా బిగించి ఒకసారి బండి, ఒకసారి వంతెన, ఒకసారి క్రేను చేయవచ్చు. ముందుగా తయారు చేసిన గళ్ళలో ప్రతి పుస్తకాన్నీ ఇరికించే బదులు, విషయాన్ని ముక్కలుగా విడదీసి, ఆ ముక్కలను అవసరానికి తగినట్టు కూర్చుకోవచ్చునన్న ఊహ ఆయనకు అక్కడ తట్టింది. 1925లో తిరుగు ప్రయాణంలో ఓడలోని గ్రంథాలయం పుస్తకాల మీదే ఆ ఊహను పరీక్షించి చూసుకొన్నారు. మద్రాసు చేరేసరికి పాత కొలువు మాట ఆయన ఎత్తలేదు.

ఇక ఇరవై ఏళ్ళు ఆ గ్రంథాలయమే ఆయన లోకం. చదువరులను ర్యాకుల దగ్గరికి స్వయంగా వెళ్ళనిచ్చారు. ఈ ఒక్క మాట విలువ మా వృత్తిలో ఉన్నవారికి బాగా తెలుస్తుంది. స్టాక్ వెరిఫికేషన్‌లో పుస్తకం తగ్గితే ఎవరి జీతంలో కోస్తారోనన్న భయం కింద పనిచేసినవారం మేము. యాక్సెషన్ రిజిస్టరు కాపాడుకొనే కాపలాదారుగా గ్రంథాలయోద్యోగిని మార్చినది ఆ భయమే. రంగనాథన్ గారు ఆ భయాన్ని పక్కకు నెట్టి తలుపులు తెరిచారు. వేళలు పెంచి, సెలవు దినాలలో కూడా తెరిచి ఉంచే ఏర్పాటు చేశారు. 1936లో మెరీనా తీరాన సొంత భవనంలోకి గ్రంథాలయం మారింది.

ఆ గ్రంథాలయంలో ఆయన పెట్టిన వాటిలో నాకు అన్నింటికంటె గొప్పగా తోచేది రిఫరెన్సు సేవ. అడిగిన పుస్తకం ఇచ్చి పంపడం కాదు. చదువరి పక్కన నిలబడి, అతనికి నిజంగా ఏమి కావాలో తేల్చి, వెతకడం చూపించడం. ఈ సేవలో మొదటి మెట్టుగా ఆయన కొత్తవారి ప్రవేశాన్ని పెట్టారు. గ్రంథాలయానికి మొదటిసారి వచ్చిన విద్యార్థికి అక్కడి అమరిక, వర్గీకరణ సంఖ్యల అర్థం, కేటలాగు వాడే విధానం ఓపికగా తెలియజెప్పాలని నియమం చేశారు. దీని మీద 1940లో పెద్ద గ్రంథమే ప్రచురించారు. కొత్త పెళ్ళికూతురు అత్తవారింట అడుగుపెడితే ఏ గది ఎక్కడో ఎవరో ఒకరు చూపించాలి కదా, లేకపోతే ఎన్నాళ్ళయినా గుమ్మం దగ్గరే నిలబడుతుంది. అలాంటిదే ఇదీ.

పంచసూత్రాల కథ కూడా ఇక్కడే చెప్పుకోవాలి. గ్రంథాలయ పనులన్నింటికీ మూలమైన నియమాలు కొన్ని ఉండాలని గణితవేత్తగా ఆయన తపన. 1928లో ఆ ఆలోచన పీటముడి పడి కూర్చొన్నప్పుడు, పాత గురువు రాస్ గారు ఒక సాయంత్రం గ్రంథాలయానికి వచ్చి, మాటల్లో మొదటి సూత్రాన్ని అందించారట. పుస్తకం ఉన్నది వాడుకొనేందుకే అన్నది దాని సారాంశం. అది దొరకగానే మిగిలినవి వాటంతటవే వరుస కట్టాయి. చదువరికి తగిన పుస్తకం, పుస్తకానికి తగిన చదువరి, చదువరి కాలం వృథా కాకపోవడం, గ్రంథాలయం నిత్యం పెరిగే ప్రాణి కావడం. 1931లో ఇవి పుస్తకంగా వచ్చాయి. వీటిలో ఒక్కదానిలోనూ గ్రంథాలయాధికారి ప్రస్తావన లేదని గమనించండి. అన్నీ చదువరి చుట్టూ, పుస్తకం చుట్టూ తిరిగేవే.

1933లో కోలన్ వర్గీకరణ వెలువడింది. మన తెలుగు పుస్తకాలలో దీనినే ద్విబిందు వర్గీకరణ అన్నారు. ఇది చాలా క్లిష్టమనీ, మార్కుల కోసం తప్ప ఎవరూ వాడరనీ మా సహాధ్యాయులు విసుక్కొనేవారు. అందులో నిజం లేకపోలేదు. మన దేశంలోనే చాలా గ్రంథాలయాలు డ్యూయీ పద్ధతిని వదలలేదు. కాని సంఖ్యల సంగతి అటుంచి, దాని వెనుక ఉన్న ఆలోచన చూడండి. తరువాతి కూర్పులలో ఆయన ఏ విషయాన్నయినా అయిదు ముఖాలుగా విడదీయవచ్చన్నారు. అసలు వస్తువు, ద్రవ్యం, క్రియ, దేశం, కాలం. ఒక విద్యార్థి వచ్చి వరి మీద పుస్తకాలు కావాలంటాడు. వరిలో ఏమిటంటే, తెగుళ్ళు అంటాడు. తెగుళ్ళు రావడమా, నివారించడమా? నివారణ. ఏ మందులతో? ఏ ప్రాంతంలో? కృష్ణా డెల్టాలో. ఏ కాలంలో? కొత్త వంగడాలు వచ్చాక. ఇలా నాలుగైదు ప్రశ్నలు వేసేసరికి, బీరువాడు పుస్తకాలు పది కాగితాలకు దిగుతాయి. అంతకంటె ముఖ్యంగా, తనకు కావలసినదేమిటో ఆ విద్యార్థికే తెలిసివస్తుంది. అతడు బయట వెతుకుతున్నదల్లా ముందు తన ప్రశ్నలోనే వెతుక్కోవాలని నేర్పే పద్ధతి అది. వర్గీకరణ అని పేరు పెట్టారు గాని, నా దృష్టిలో అది ప్రశ్న అడగడం నేర్పే పాఠం.

ఇది విద్యార్థులకే అనుకోకండి. మన ఫోనులలో వారానికొకసారి కరువు భత్యం బకాయిల మీద ఏదో ఒక ఉత్తర్వు తిరుగుతూనే ఉంటుంది గదా. ఏ శాఖ, ఏ నంబరు, ఏ తేదీ, ఎవరికి వర్తిస్తుంది అని ఆ మేష్టారి ప్రశ్నలు నాలుగు వేసి చూడండి. సగానికి సగం అక్కడికక్కడే రాలిపోతాయి.

1942లో రంగనాథన్ గారు పాఠశాల, కళాశాల గ్రంథాలయాల మీద ప్రత్యేకంగా ఒక గ్రంథం ప్రచురించారు. ఉపాధ్యాయుడూ గ్రంథాలయాధికారీ కలిసి పనిచేస్తేనే చదువు సాగుతుందన్నది ఆయన వాదం. కలిసి అన్న మాట దగ్గరే మన విద్యాసంస్థలు ఇన్నేళ్ళుగా ఆగిపోయాయని నా అభిప్రాయం. నేను పనిచేసిన చోట ఏటా పి.జి. మొదటి సంవత్సరం పిల్లలను అరగంట గ్రంథాలయం తిప్పేవాళ్ళము. ఇది కేటలాగు, ఇది పత్రికల గది, ఇక్కడ సంచి పెట్టకూడదు, అయిపోయింది. అప్పటికి వారికి ఏ అవసరమూ లేదు కనుక ఏదీ గుర్తుండేది కాదు. పది నెలల తరువాత డిసర్టేషను పట్టుకొని, దీని మీద ఏమైనా ఉందా సార్ అంటూ పరుగెత్తుకొని వచ్చేవారు. టైంటేబులులో గ్రంథాలయం గంట అని ఒకటుండేది. సిలబసు పూర్తి కాలేదంటూ దానిని ముందుగా మింగేసేవారు. మార్కులు లేని గంటను ఎవరు లెక్క చేస్తారు? అవసరం పుట్టిన క్షణంలో, ఆ సబ్జెక్టు పాఠంలోనే, ఆ అసైన్‌మెంటుకే వెతకడం నేర్పాలి. ప్రెసిడెన్సీ కళాశాలలో ఆ లెక్కల మేష్టారు చేసినది సరిగ్గా ఇదే.

ఆయన వ్యక్తిగత జీవితం తపస్సు లాంటిది. మొదటి భార్య రుక్మిణమ్మ గారు 1928లో గుడి కోనేట ప్రమాదంలో మరణించారు. 1929లో శారదాంబ గారిని వివాహమాడారు. పెళ్ళినాడు సైతం మధ్యాహ్నానికి గ్రంథాలయానికి వచ్చేశారని, ఇరవై ఏళ్ళలో సెలవే పెట్టలేదని కథలుగా చెప్పుకొంటారు. విన్నప్పుడల్లా నాకు ఆయన మీద గౌరవం, ఆ ఇల్లాలి మీద జాలి రెండూ కలుగుతాయి. కింద పనిచేసేవారి నుంచి కూడా అంతటి శ్రమనే ఆశించేవారు. అది అందరికీ సాధ్యమయ్యే సంగతి కాదు.

1945లో మద్రాసులో స్వచ్ఛందంగా పదవీ విరమణ చేశారు. విశ్రాంతి మాత్రం ఆయన నుదుట రాసి లేదు. కాశీ హిందూ విశ్వవిద్యాలయం ఉపకులపతిగా ఉన్న డాక్టర్ సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు రమ్మని పిలిచారు. అంతకు ముందు రాధాకృష్ణన్ గారు ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు ఉపకులపతిగా ఉన్న కాలంలోనే, 1935లో, వాల్తేరులో గ్రంథాలయ శాస్త్ర శిక్షణ మొదలయింది. కాశీలో రంగనాథన్ గారు రెండేళ్ళలో లక్ష పుస్తకాలను దాదాపు ఒంటిచేత్తో వర్గీకరించారు. 1947లో ఢిల్లీ విశ్వవిద్యాలయానికి వెళ్ళి, అక్కడ గ్రంథాలయ శాస్త్రంలో ఉన్నత విద్యకు, పరిశోధనకు పునాది వేశారు.

మన తెలుగు జిల్లాలకు ఆయనతో మరో సంబంధం ఉంది. 1914లోనే బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పుట్టింది. అయ్యంకి వెంకటరమణయ్య గారి వంటి వారు ఊరూరా గ్రంథాలయాలు పెట్టించారు. ఆ ఉద్యమం ప్రజల ఉత్సాహం మీద నడిచింది. చందాలు ఆగితే తలుపులు మూతపడేవి. రంగనాథన్ గారి కృషి ఫలితంగా వచ్చిన 1948 నాటి మద్రాసు పౌర గ్రంథాలయాల చట్టం దానికి గ్రంథాలయ సెస్సు రూపంలో ఒక ఆధారం కల్పించింది. కోస్తా, రాయలసీమ జిల్లాలు అప్పుడు మద్రాసు రాష్ట్రంలోనివే కనుక ఆ చట్టం మనకూ వర్తించింది. 1960లో మన రాష్ట్రానికి సొంత చట్టం వచ్చింది.

1957లో పద్మశ్రీ లభించింది. ఆ ఏడే విశ్వవిద్యాలయ నిధుల సంఘం, అంటే యు.జి.సి., ఆయన అధ్యక్షతన గ్రంథాలయాల కమిటీని నియమించింది. గ్రంథాలయ సిబ్బంది హోదా, జీతాలు బోధనా సిబ్బందితో సమానంగా ఉండాలని ఆ కమిటీ సిఫారసు చేసింది. మనలో కొందరి పెన్షను లెక్కలకు మూలం అక్కడుంది. అయితే ఆయన దానిని జీతాల పేచీగా మాత్రమే చూసి ఉండరని నా నమ్మకం. గుమాస్తాగా చూడబడే మనిషిని తన కోర్సు తయారు చేసేటప్పుడు పక్కన కూర్చోబెట్టుకొని, ఈ పాఠానికి పిల్లలచేత ఏమి వెతికిద్దామని అడిగే లెక్చరరు ఎక్కడుంటాడు? హోదా ఉంటేనే ఆ కుర్చీ దొరుకుతుంది. జీతం అయితే వచ్చింది. కుర్చీ మాత్రం చాలా చోట్ల ఇంకా రాలేదు.

తన జీవితకాలపు పొదుపు లక్ష రూపాయలను, అది ఎంత మొత్తమో ఆ రోజుల ధరలు తెలిసిన మనకు చెప్పనక్కరలేదు, భార్య శారదాంబ గారి పేరును కలిపి గ్రంథాలయ శాస్త్రంలో ఆచార్య పీఠం కోసం మద్రాసు విశ్వవిద్యాలయానికి ఇచ్చేశారు. 1962లో, డెబ్బై ఏళ్ళ వయసులో, బెంగుళూరులో భారత గణాంకశాస్త్ర సంస్థ కింద డాక్యుమెంటేషన్ పరిశోధన, శిక్షణ కేంద్రాన్ని ప్రారంభించారు. 1965లో కేంద్ర ప్రభుత్వం జాతీయ పరిశోధనాచార్యునిగా గౌరవించింది. 1972 సెప్టెంబరు 27న బెంగుళూరులోనే కన్నుమూశారు.

ఆ తరువాత రెండేళ్ళకు, 1974లో, అమెరికాలో పాల్ జుర్కోవ్‌స్కీ అనే ఆయన సమాచార అక్షరాస్యత అన్న మాటను వాడుకలోకి తెచ్చారు. మన దేశంలో యు.జి.సి. 2019లో, పిహెచ్.డి. చేసేవారందరికీ పరిశోధన, ప్రచురణ నైతికత అనే కోర్సును తప్పనిసరి చేస్తూ నిర్ణయించింది. రెండు క్రెడిట్లు, ముప్పై గంటలు. గ్రంథచౌర్యం, డేటాబేసుల వాడకం వంటివి అందులో పాఠాలుగా ఉన్నాయి. క్రెడిట్లు ఉన్నాయి కనుక ఈ గంటను ఎవరూ మింగలేరు. నాతో పనిచేసి ఇంకా సర్వీసులో ఉన్న ఒక మిత్రుడు ఆ కోర్సులో డేటాబేసుల క్లాసులు చెప్తున్నాడు. మొదటి రోజు కంప్యూటరు ముట్టుకోనివ్వడట. ఒక్కొక్కరికి తెల్లకాగితం ఇచ్చి, వారి పరిశోధనాంశాన్ని అయిదు ముక్కలుగా విడగొట్టి రాయమంటాడట. గంట గడిచినా సగం మంది కాగితాలు ఖాళీగానే ఉంటాయనీ, ఆ సగం మందికే మరునాడు మళ్ళీ క్లాసు పెట్టుకొంటాననీ మొన్న ఫోనులో చెప్పాడు.